మొదటి తోడు ఎక్కడిది? – మూలపాఠమునుండి ప్రోగ్రాములను నిర్మించు పనిముట్ల చరిత్ర

రాత్రి కాచిన పాలలో చెంచాడు పెరుగు వేసి తోడుపెట్టినచో తెల్లవారునప్పటికి గిన్నెడు పెరుగు సిద్ధమగును. ఆ చెంచాడు పెరుగు నిన్నటిది. నిన్నటి పెరుగు మొన్నటి తోడుతో పేరుకొన్నది. ఇట్లు వెనుకకు పోయినకొలది ప్రతి పెరుగునకును అంతకు ముందొక పెరుగు కావలసివచ్చును. మరి మొట్టమొదటి తోడు ఎక్కడిది? పిల్లలు అడుగు ఈ ప్రశ్నకు పెద్దలు వెంటనే సమాధానము చెప్పలేరు.

కంప్యూటరు ప్రోగ్రాముల విషయమునను సరిగా ఇట్టి ప్రశ్నయే కలదు. ప్రోగ్రామును వ్రాయువారు మనుష్యులు చదువదగిన భాషలో, వరుసలు వరుసలుగా వ్రాయుదురు. దీనిని సోర్సు కోడ్ అందురు. మూలపాఠము అని చెప్పుకొనవచ్చును. కాని యంత్రమునకు ఈ భాష తెలియదు. దానికి తెలిసినవి సున్నలు, ఒకట్లు మాత్రమే. మూలపాఠమును యంత్రభాషలోనికి మార్చు ప్రోగ్రామునకు కంపైలరు అని పేరు. ఈ కంపైలరు కూడ ఒక ప్రోగ్రామే. దానిని కూడ ఎవరో మూలపాఠముగా వ్రాసిరి. దానిని యంత్రభాషలోనికి మార్చినది ఏది? మరియొక కంపైలరు. దానిని మార్చినది?

కంపైలరు ఒక్కటి ఉన్నంతమాత్రమున పని జరుగదు. మూలపాఠమును వ్రాయుటకు, దిద్దుటకు ఎడిటరు కావలెను. పలువురు ముందుగా వ్రాసియుంచిన ఉపప్రోగ్రాముల భాండారము, అనగా లైబ్రరీ, కావలెను. విడివిడిగా తయారైన ముక్కలను ఒకటిగా అతుకు లింకరు కావలెను. ఏ పని ముందు, ఏది వెనుక అన్న క్రమము కూడ ఎక్కడనో వ్రాసియుండవలెను. ఇవన్నియు ఒకచోట అమరినప్పుడు దానిని డెవలప్‌మెంట్ ఎన్విరాన్‌మెంట్ అని వ్యవహరింతురు. కమ్మరికి కొలిమి యెట్టిదో ప్రోగ్రాము వ్రాయువానికి ఈ నిర్మాణశాల అట్టిది. ఇది ఎట్లు ఏర్పడినది, దానిని ఎంతవరకు నమ్మవచ్చును అనునవి బ్యాంకు లెక్కలు, రైలు టికెట్లు, ఆసుపత్రి యంత్రములు ప్రోగ్రాములపై నడచుచున్న ఈ కాలమున అందరికిని సంబంధించిన ప్రశ్నలు.

31 ఆదేశములు

1949 మే 6వ తేదీన ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున ఎడ్సాక్ అను గణన యంత్రము తన మొదటి ప్రోగ్రామును నడిపి, సంఖ్యల వర్గముల పట్టికను అచ్చువేసెను. ఆ యంత్రమును నిర్మించిన బృందమునకు నాయకుడు మారిస్ విల్క్స్. అందులో దాదాపు 3000 వాల్వులు ఉండెను. దాని జ్ఞాపకశక్తి పాదరసము నింపిన గొట్టములలో ధ్వనితరంగముల రూపమున నిలిచెడిది. విద్యుత్తు ఆపినచో అందులోని సమస్తమును మాయమగుచుండెను.

ఇట్టి యంత్రమునకు మీట నొక్కిన క్షణమున ఏమియు తెలియదు. కాగితపు టేపుపై ప్రోగ్రామును రంధ్రములుగా పొడిచి ఇచ్చినను, ఆ టేపును చదువవలెనని దానికి చెప్పు ఆదేశములే దానిలో లేవు. చదువుట నేర్పు పుస్తకమును చదువుట రానివాని చేతికిచ్చినట్లుండును. ఈ చిక్కును విప్పినవాడు 22 సంవత్సరముల పరిశోధక విద్యార్థి డేవిడ్ వీలర్. అతడు 31 ఆదేశములతో ఒక చిన్న ప్రోగ్రామును కూర్చెను. టెలిఫోను ఎక్స్చేంజీలలో వాడు స్విచ్చులపై వాటిని శాశ్వతముగా అమర్చిరి. మీట నొక్కగానే ఈ 31 ఆదేశములు యంత్రపు జ్ఞాపకములోనికి ప్రవేశించును. పిమ్మట అవియే టేపును చదువనారంభించును.

ఈ ప్రారంభాదేశములు టేపును చదువుటతో ఆగలేదు. కూడికకు ఏ అను అక్షరము, తీసివేతకు ఎస్ అను అక్షరము వ్రాసి, పక్కన స్థానసంఖ్యను మామూలు దశాంశ పద్ధతిలో వేసినచో చాలును. దానిని సున్నలుగా, ఒకట్లుగా మార్చుపనిని అవియే చేసికొనెడివి. అనగా మనుష్యుని వ్రాతను యంత్రభాషగా మార్చు అనువాదకము ఆ 31 ఆదేశములలోనే ఇమిడియుండెను. ఎడ్సాక్‌లో ఒక ఆదేశమునకు 17 బిట్లు. 31ని 17తో గుణించినచో 527 బిట్లు, నేటి లెక్కలో 66 బైట్లు. పోస్టుకార్డుపై వ్రాయదగినంత ఈ కొద్దిపాటి అమరికయే ఆ యంత్రమునకు మొదటి తోడు. దానిని మనుష్యుడు చేతితో లెక్కించి, చేతితో తీగెలు బిగించి తయారుచేసెను.

అదే సంవత్సరము వీలర్ దీనిని 41 ఆదేశములకు పెంచెను. క్రొత్త అమరికలో ఒక ఉపప్రోగ్రామును జ్ఞాపకములో ఏ స్థానమున నుంచినను పనిచేయునట్లు దాని సంఖ్యలను యంత్రమే సవరించుకొనెడిది. వర్గమూలము, త్రికోణమితి వంటి లెక్కలకు వ్రాసిన ఉపప్రోగ్రాములను కాగితపు టేపులుగా భద్రపరచిరి. క్రొత్త ప్రోగ్రాము వ్రాయువాడు కావలసిన టేపులను ఎన్నుకొని, వాటి నకళ్లను తన టేపులో చేర్చుకొనెడివాడు. లైబ్రరీ, లింకరు అను రెండు పనిముట్లకును బీజములు ఇక్కడ కనబడుచున్నవి. 1951లో విల్క్స్, వీలర్, గిల్ అను మువ్వురును కలిసి ఈ పద్ధతిని గ్రంథముగా ప్రకటించిరి. ప్రోగ్రాములు వ్రాయు విధానముపై వెలువడిన తొలి గ్రంథములలో అది ఒకటి.

అనువాదకములు పెరుగుట

టేపులను ఏరి చేర్చుపనిని కూడ యంత్రమునకే అప్పగింపవచ్చును గదా! అమెరికాలో గణితోపాధ్యాయినిగా పనిచేసి, యుద్ధకాలమున నౌకాదళములో చేరి గణన యంత్రములను చేపట్టిన గ్రేస్ హాపర్ ఈ ఆలోచనను ఆచరణలో పెట్టెను. యూనివాక్ యంత్రము కొరకు ఆమె 1951, 1952 సంవత్సరములలో ఏ-సున్న అను ప్రోగ్రామును తయారుచేసెను. కావలసిన ఉపప్రోగ్రాముల గుర్తుసంఖ్యలను వరుసగా ఇచ్చినచో అది భాండారమునుండి వాటిని ఏరి, ఒకటిగా కూర్చి ఇచ్చెడిది. సంకలనము చేయునది అను అర్థమున దానికి కంపైలరు అని పేరుపెట్టిరి. నేటి దృష్టిలో అది లింకరుకు దగ్గరిది. కాని పేరు నిలిచిపోయినది.

గణితసూత్రమును ఉన్నదున్నట్లు వ్రాసినచో యంత్రభాషగా మార్చగల సమర్థమైన కంపైలరు 1957 ఏప్రిల్‌లో వెలువడెను. అది ఫోర్ట్రాన్. ఐ.బి.ఎం. సంస్థలో జాన్ బాకస్ నాయకత్వమున పనిచేసిన బృందము దానిని 704 అను యంత్రము కొరకు నిర్మించెను. అప్పటివారు ఇట్టి అనువాదమును సులభముగా నమ్మలేదు. చేయి తిరిగినవాడు వ్రాసినంత చురుకైన యంత్రభాషను మరియొక ప్రోగ్రాము ఎట్లు వ్రాయగలదని శంకించిరి. బాకస్ బృందము ఆ శంకను తీర్చుటకే ఎక్కువ శ్రమపడవలసివచ్చెను.

పిట్స్‌బర్గు సమీపమున వెస్టింగ్‌హౌస్ వారి బెట్టిస్ ప్రయోగశాలకు ఆ వసంతమున దాదాపు 2000 కార్డులతో ఒక పెట్టె చేరెను. దానిని ఎట్లు వాడవలెనో తెలుపు కాగితము ఒక్కటియు అందులో లేదు. ఇది ఎదురుచూచుచున్న ఫోర్ట్రాన్ కావచ్చునని అక్కడివారు ఊహించి, కార్డులను యంత్రమునకు అందించి, తాము వ్రాసియుంచిన చిన్న ప్రోగ్రామును దానిచేత అనువదింపజేసిరి. యంత్రము ఒక దోషమును చూపి ఆగిపోయెను: ఒక వాక్యమున కామా లోపించినది. కామాను చేర్చి మరల ప్రయత్నింపగా ప్రోగ్రాము నడచెను. పనిముట్టు చేతికి వచ్చుట వేరు, దానిని అమర్చి నడుపుకొనుట వేరు అని నేటి విద్యార్థి కూడ తన కంప్యూటరు ముందు కూర్చున్న మొదటి దినముననే తెలిసికొనును.

తన్ను తాను అనువదించుకొనుట

కంపైలరును ఏ భాషలో వ్రాయవలెను? మొదటి కంపైలరులను యంత్రభాషకు దగ్గరి సంకేతములలోనే ఎంతో కష్టపడి వ్రాసిరి. ఒక భాషకు కంపైలరును ఆ భాషలోనే వ్రాయుట వినుటకు అసాధ్యముగా తోచును. అయినను 1962లో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో టిమ్ హార్ట్, మైక్ లెవిన్ అనువారు లిస్ప్ భాషకు కంపైలరును లిస్ప్ భాషలోనే వ్రాసిరి. అప్పటికే ఆ భాషలోని ప్రోగ్రాములను ఒక్కొక్క వాక్యముగా చదివి నెమ్మదిగా నడుపు ఇంటర్‌ప్రెటరు అను సాధనము ఉండెను. దాని సహాయముతో క్రొత్త కంపైలరును నడిపి, ఆ కంపైలరు మూలపాఠమును దానికే ఇచ్చిరి. అది తన్ను తాను యంత్రభాషగా మార్చుకొనెను. పాత సాధనముతో ఇక పని లేకపోయెను.

బెల్ ప్రయోగశాలలలో యూనిక్స్ పుట్టుకలోను ఇదే క్రమము కనబడును. 1969లో కెన్ థామ్సన్ పి.డి.పి.-7 అను చిన్న యంత్రముపై ఒక క్రొత్త ఆపరేటింగ్ సిస్టమును నిర్మింప నారంభించెను. ఆ యంత్రముపై అప్పటికి అతనికి కావలసిన పనిముట్లు లేవు. కనుక జి.ఇ.-635 అను మరియొక పెద్ద యంత్రముపై ప్రోగ్రామును తయారుచేసి, కాగితపు టేపుపై పొడిపించి, ఆ టేపును మోసికొనివచ్చి చిన్న యంత్రమునకు అందించెడివాడు. చిన్న యంత్రముపై ఒక మోస్తరు ఆపరేటింగ్ సిస్టము, ఎడిటరు, సంకేతములను యంత్రభాషగా మార్చు అసెంబ్లరు సిద్ధమైన దినమున టేపులు మోయు పని ముగిసెను. ఆపై ఆ యంత్రము తన ప్రోగ్రాములను తానే నిర్మించుకొనెను.

తరువాత థామ్సన్ బి అను భాషకు ఒక సాధనముతో కంపైలరును తయారుచేసి, పిమ్మట దానిని బి భాషలోనే తిరిగి వ్రాసెను. యంత్రపు జ్ఞాపకము మిక్కిలి చిన్నది. భాషకు క్రొత్త సౌకర్యము చేర్చినప్పుడెల్ల కంపైలరు ఉబ్బి, యంత్రములో పట్టుట కష్టమగుచుండెను. ఆ క్రొత్త సౌకర్యమును వాడి కంపైలరును మరల వ్రాసినచో అది చిన్నదై, మరియొక సౌకర్యమునకు చోటు దొరకుచుండెను. ఇట్లు ఒక మెట్టుపై నిలిచి మరియొక మెట్టును కట్టుచు పోగా డెన్నిస్ రిచీ చేతిలో సి భాష రూపొందెను. 1973లో యూనిక్సు యొక్క ముఖ్యభాగమును సి భాషలో తిరిగి వ్రాసిరి. సి కంపైలరు ఉన్న ఏ యంత్రమునకైనను యూనిక్సును తరలించు మార్గము దీనితో తెరచుకొనెను.

మరచిపోని మేస్త్రి

ప్రోగ్రాములు పెద్దవైనకొలది మూలపాఠమును పదుల, వందల ఫైళ్లుగా విడదీయవలసివచ్చెను. ఒక ఫైలును దిద్ది, దానిని తిరిగి కంపైలు చేయుట మరచినచో పాత యంత్రభాషయే నడచుచుండును. దోషము పోలేదేమని వెదకుచు కూర్చుండవలెను. బెల్ ప్రయోగశాలలలో స్టీవ్ జాన్సన్ ఇట్లే, అప్పటికే సరిదిద్దిన దోషము కొరకు ఒక ఉదయమంతయు వెదకి, విసిగి వచ్చి స్టువర్ట్ ఫెల్డ్‌మన్‌తో చెప్పెను. ఫెల్డ్‌మన్‌కు కూడ అట్టి అనుభవమే ఉండెను. అతడు 1976లో మేక్ అను పనిముట్టును తయారుచేసెను.

మేక్ అనునది ఇల్లు కట్టు మేస్త్రి వంటిది. పునాది తరువాత గోడ, గోడ తరువాత కప్పు అన్నట్లు, ఏ ఫైలు ఏ ఫైలుపై ఆధారపడియున్నదో ఒక పట్టికలో వ్రాసియుంచవలెను. మేక్ ప్రతి ఫైలును కడపట మార్చిన కాలమును చూచును. మూలపాఠము క్రొత్తదై, దానినుండి తయారైనది పాతదై యున్నచో దానిని మాత్రము తిరిగి నిర్మించును. నూరు ఫైళ్లలో ఒకటి మారినచో ఆ ఒకదానిని, దానిపై ఆధారపడినవానిని తప్ప తక్కినవాటిని ముట్టదు. ఆ పట్టికలో ప్రతి ఆదేశమునకు ముందు ట్యాబ్ అను ప్రత్యేకమైన ఖాళీ ఉండవలెనని నియమము. మామూలు ఖాళీలు పెట్టినచో కంటికి తేడా కనబడదు, కాని మేక్ అంగీకరింపదు. ఇది చిక్కు తెచ్చు నియమమని ఫెల్డ్‌మన్ కొద్దివారములలోనే గ్రహించెను. అయినను అప్పటికే పదిపన్నెండుగురు దానిని వాడుచుండిరి. వారికి ఇబ్బంది కలుగునని మార్చలేదు. నేటికిని లక్షలాది మంది ఆ ఖాళీతో తంటాలు పడుచున్నారు.

మూసిన తలుపులు, తెరచిన తలుపులు

తొలినాళ్లలో యంత్రమును కొనినవారికి ప్రోగ్రాములు దానితోపాటు లభించెడివి. 1955లో ఐ.బి.ఎం. యంత్రములు వాడువారు షేర్ అను సంఘముగా ఏర్పడి, తాము వ్రాసిన ప్రోగ్రాములను ఒకరికొకరు ఇచ్చిపుచ్చుకొనిరి. 1969లో ఆ సంస్థ ప్రోగ్రాములను యంత్రమునుండి వేరుచేసి, వేరుగా వెలకట్టుటకు నిర్ణయించెను. క్రమముగా ప్రోగ్రాము ఒక సరకు అయినది. 1983లో అదే సంస్థ ఇకపై మూలపాఠమును ఈయక యంత్రభాషా రూపమును మాత్రమే ఇత్తుమని ప్రకటించెను. ఇతర సంస్థలును ఇట్టి మార్గమునే పట్టెను.

యంత్రభాషా రూపమును నడుపవచ్చునే గాని దానిని చదివి అర్థము చేసికొనుట, దిద్దుట చాల కష్టము. మసాచుసెట్స్ విద్యాసంస్థ పరిశోధనశాలలో 1980 ప్రాంతమున ఒక క్రొత్త ముద్రణ యంత్రమున కాగితములు తరచు చిక్కుకొనుచుండెను. చిక్కుకొన్నప్పుడు అందరికిని సమాచారము పంపునట్లు దాని ప్రోగ్రామును సవరింపదలచిన రిచర్డ్ స్టాల్మన్‌కు మూలపాఠము లభింపలేదు. 1983 సెప్టెంబరులో అతడు గ్నూ అను ప్రణాళికను ప్రకటించెను. ఎవరైనను చదువుటకు, మార్చుటకు, పంచుటకు వీలైన ఒక సంపూర్ణ ఆపరేటింగ్ సిస్టమును నిర్మించుట దాని ఆశయము.

అతడు మొదట చేపట్టినవి ఆటలు గాని, లెక్కల ప్రోగ్రాములు గాని కావు. ఎడిటరు, కంపైలరు, దోషశోధకము మొదలైన నిర్మాణ పనిముట్లు. మూలపాఠము అందరిదైనను దానిని నిర్మించు కంపైలరు పరులదైనచో స్వాతంత్ర్యము సగమే గదా! 1987లో జి.సి.సి. అను కంపైలరు వెలువడెను. 1991లో ఫిన్‌లండులో లినస్ టోర్వాల్డ్స్ అను విద్యార్థి లినక్స్ తొలిరూపమును దానితోనే నిర్మించెను. దాదాపు 10 వేల పంక్తుల ఆ తొలిరూపము తనంత తాను నిలువజాలక, మినిక్స్ అను మరియొక సిస్టముపై తయారు కావలసివచ్చెను. టేపులు మోసిన థామ్సన్ స్థితియే 22 ఏండ్ల తరువాత మరల కనబడినది.

మూలపాఠము ఊరూర చేరినకొద్దీ మరియొక చిక్కు వచ్చెను. యూనిక్సు పలు సంస్థల చేతులలో పలువిధములై, ఒకచోట ఉన్న లైబ్రరీ మరియొకచోట లేకుండెను. 1991లో డేవిడ్ మెకెంజీ ఆటోకాన్ఫ్ అను సాధనమును ఆరంభించెను. అది తయారుచేయు కన్ఫిగర్ అను ఆదేశమాల చిన్నచిన్న పరీక్షా ప్రోగ్రాములను కంపైలు చేసి చూచి, ఈ యంత్రముపై ఏవి కలవు, ఏవి లేవు అని కనుగొనును. మొదట కన్ఫిగర్, తరువాత మేక్, పిమ్మట తయారైనదానిని దాని చోట ప్రతిష్ఠించుట – ఈ మూడు మెట్లును ప్రపంచమంతట మూలపాఠమునుండి ప్రోగ్రామును నిర్మించువారికి కంఠపాఠమైనవి.

తోడులో దాగిన దోషము

మూలపాఠమును అక్షరమక్షరము చదివి, దోషము లేదని తేల్చుకొని, మన చేతులతో మనమే నిర్మించుకొన్నచో ఆ ప్రోగ్రామును పూర్తిగా నమ్మవచ్చునా? నమ్మరాదని 1984లో కెన్ థామ్సన్ స్వయముగా నిరూపించెను. కంప్యూటరు శాస్త్రమున మహాపురస్కారమైన ట్యూరింగ్ బహుమానమును స్వీకరించిన సందర్భమున అతడు చేసిన ఉపన్యాసమున ఈ విషయమును వివరించెను.

కంపైలరులో ఒక మోసమును చేర్చిరనుకొందము. సంకేతపదమును అడిగి మనుష్యులను లోనికి విడుచు ప్రోగ్రామును అది గుర్తుపట్టి, అనువదించునప్పుడు ఒక దొంగదారిని చేర్చును. కంపైలరు మూలపాఠమును చదివినవారికి ఈ మోసము దొరకిపోవును. కాని రెండవ మోసమును కూడ చేర్చవచ్చును: తన మూలపాఠమునే తనకు ఇచ్చినప్పుడు కంపైలరు దానిని గుర్తుపట్టి, క్రొత్త కంపైలరులో ఈ రెండు మోసములను మరల నాటును. ఇట్లు ఒకసారి నిర్మించిన తరువాత మూలపాఠమునుండి ఆ రెండింటిని తుడిచివేయవచ్చును. అటుపై మూలపాఠము నిర్మలము. దానినుండి తయారగు ప్రతి కంపైలరును దుష్టము. పాలు స్వచ్ఛమైనవే, తోడులో దోషమున్నది. అది ప్రతిదినము ఒక గిన్నెనుండి మరియొక గిన్నెకు సంక్రమించుచునే యుండును.

జి.సి.సి.ని నిర్మించునప్పుడు మంచి జాగ్రత్త ఒకటి పాటింతురు. పాత కంపైలరుతో ఒకసారి, అట్లు వచ్చినదానితో రెండవసారి, దానితో మూడవసారి నిర్మించి, రెండవ, మూడవ రూపములు బిట్టు బిట్టు సమానమగునో కాదో పోల్చుదురు. దీనివలన అనేక దోషములు బయటపడును. కాని థామ్సన్ చెప్పిన మోసము దీనికి చిక్కదు. అది మూడు తరములలోను ఒకేవిధముగా దాగియుండును గనుక పోలిక సరిపోవును.

ఇది పండితుల ఊహ మాత్రమే కాదని తరువాతి కాలము చూపినది. 2015 సెప్టెంబరులో ఆపిల్ ఫోనులకు ప్రోగ్రాములు వ్రాయు ఎక్స్‌కోడ్ అను నిర్మాణశాల యొక్క కలుషితమైన నకలు చైనాలో వ్యాపించినట్లు బయటపడెను. అసలు చోటునుండి తెచ్చుకొనుటకు చాలసేపు పట్టుటచేత పలువురు ప్రోగ్రాము రచయితలు స్థానికముగా లభించిన నకలును వాడిరి. వారి మూలపాఠములలో దోషము లేదు. కాని ఆ పనిముట్టుతో నిర్మించిన ప్రోగ్రాములన్నిటిలోను వారికి తెలియకుండ పరుల ఆదేశములు చేరినవి.

2024 మార్చి 29వ తేదీన మరియొకటి వెల్లడియైనది. ఫైళ్లను కుదించు ఎక్స్‌జెడ్ అను ప్రోగ్రామును లినక్సు వాడువారు విరివిగా వాడుదురు. దాని బాధ్యతను పంచుకొనిన ఒక అజ్ఞాత వ్యక్తి, పంపిణీ చేసిన కట్టలోని నిర్మాణాదేశములలో ఒక తంత్రమును చేర్చెను. అందరును చూచు మూలపాఠ భాండారమున ఆ ఆదేశములు లేవు. నిర్మించునప్పుడు మాత్రము అవి, పరీక్ష కొరకు ఉంచినట్లు కనబడు ఫైళ్లనుండి దుష్టభాగమును వెలికితీసి ప్రోగ్రాములో అతికెడివి. ఆండ్రెస్ ఫ్రోయిండ్ అను ఇంజనీరు, దూరమునుండి కంప్యూటరులోనికి ప్రవేశించుటకు అర సెకను ఆలస్యమగుచున్నదని గమనించి, కారణము వెదకి, దీనిని పట్టుకొనెను. అప్పటికి అది ముఖ్యముగా పరీక్షలోనున్న లినక్సు రూపములకు చేరెను. ఆ అర సెకనును ఉపేక్షించినచో దాని ఫలితము ఎంతదూరము పోయెడిదో ఊహింపవచ్చును.

పోల్చి చూచుట, మొదటినుండి కట్టుట

ఈ వ్యాధికి మందు రెండు విధములు. మొదటిది పోల్చి చూచుట. ఒకే మూలపాఠమును, ఒకే పనిముట్లతో, పలుచోట్ల పలువురు నిర్మించినప్పుడు ఫలితము బిట్టు బిట్టు సమానముగా రావలెను. వినుటకు ఇది సహజముగా తోచినను చాలకాలము ఇట్లు జరుగలేదు. నిర్మించిన తేదీ, ఫైళ్లున్న చోటు పేరు, ఫైళ్లను చదివిన వరుస మొదలైనవి ఫలితములో చేరి భేదములను కల్పించుచుండెను. 2013 నుండి డెబియన్ అను లినక్సు సంఘమువారును, తరువాత ఇతరులును ఈ భేదములను ఒక్కొక్కటిగా తొలగించుచు వచ్చిరి. ఫలితములు సమానమైనచో ఒక్క నిర్మాణశాలలో దూరిన మోసము తక్కినవాటితో పోల్చగానే బయటపడును.

థామ్సన్ చూపిన మోసమునకు 2005లో డేవిడ్ ఎ. వీలర్ ఒక పరీక్షను వివరించెను. ఇతడు ఎడ్సాక్ వీలర్ కాదు. పేర్లు కలియుట విచిత్రము. అనుమానమున్న కంపైలరు మూలపాఠమును దానితో సంబంధము లేని రెండవ కంపైలరుతో నిర్మింపవలెను. అట్లు వచ్చినదానితో అదే మూలపాఠమును మరల నిర్మింపవలెను. ఇది అనుమానమున్న కంపైలరుతో సరిపోయినచో దానిలో దాగిన మోసము లేదని చెప్పవచ్చును. రెండు వేరువేరు కంపైలరులలోను ఒకే మోసము ఉండుట దుర్లభము.

రెండవ మందు మొదటినుండి మెట్లు కట్టుకొనివచ్చుట. నేటి జి.సి.సి. సి++ భాషలో వ్రాయబడినది; దానిని నిర్మించుటకు ముందే సి++ కంపైలరు కావలెను. కనుక వెనుకటి మెట్లు చెరిగిపోయినచో ఎవరో ఇచ్చిన తోడును కన్ను మూసికొని తీసికొనవలసినదే. గ్నూ గీక్స్ అను సంఘమువారు 2023 ఏప్రిల్‌లో ఈ మెట్లను పూర్తిగా కట్టి చూపిరి. అన్నిటికంటె క్రింది మెట్టు 357 బైట్ల చిన్న ప్రోగ్రాము. పదహారు అంకెల పద్ధతిలో వ్రాసిన అంకెలను బైట్లుగా మార్చుట తప్ప దానికి మరి యే పనియు రాదు. దానితో మరికొంత తెలిసినది, దానితో చిన్న అసెంబ్లరు, దానితో ఒక చిన్న సి కంపైలరు, దానినుండి పాత జి.సి.సి., కడపట నేటి జి.సి.సి. ఈ మెట్లను నడుపుటకు ముందుగనే నడచుచున్న ఆపరేటింగ్ సిస్టము, దాని క్రింద యంత్రము కావలెను. వాటిని నమ్మవలసిన అవసరము ఇంకను మిగిలియున్నది. అయినను చదువరాని పెద్ద తోడు స్థానమున, ఓపికగలవాడు ఒక్కొక్క బైటును సరిచూడదగిన చిన్న తోడు వచ్చి చేరినది.

పాఠశాలలో ఒక ప్రయోగము

లినక్సు ఉన్న కంప్యూటరు పాఠశాలలో ఒకటి యున్నచో ఉపాధ్యాయులు దీనిని విద్యార్థులకు చూపవచ్చును. సి భాషలో ఒక నమస్కారమును అచ్చువేయు నాలుగు పంక్తుల ప్రోగ్రామును వ్రాయించి, జి.సి.సి.తో రెండుసార్లు నిర్మించి, రెండు వేరుపేర్లతో దాచవలెను. ఫైలులోని ప్రతి బిట్టును లెక్కలోనికి తీసికొని ఒక పొడవైన అంకెల ముద్రను ఇచ్చు షా-256 అను సాధనము అందులోనే యుండును. రెండు ఫైళ్ల ముద్రలును సమానముగా వచ్చును. తరువాత, నిర్మించిన గడియను ప్రోగ్రాములో చేర్చు సి భాషా సౌకర్యమును వాడి ఒక పంక్తిని కలిపి, నిమిషము వ్యవధితో మరల రెండుసార్లు నిర్మింపవలెను. మూలపాఠము ఒక్కటే, ముద్రలు మాత్రము పూర్తిగా మారిపోవును. మారుటకు కారణము ఏమని విద్యార్థులచేతనే చెప్పింపవలెను. పెద్ద సంఘములు సంవత్సరముల తరబడి చేయుచున్న పని యొక్క సారము ఈ అరగంటలో వారికి బోధపడును.

తెలుగునాటినుండి ఏటేట వేలాది యువకులు, యువతులు ఈ వృత్తిలో ప్రవేశించుచున్నారు. వారిలో అధికులకు నిర్మాణశాల సిద్ధముగా చేతికి వచ్చును. మీట నొక్కినచో పని జరుగును. సిద్ధముగా వచ్చుట మంచిదే. కాని అది ఎవరినుండి వచ్చినది, దానిని సరిచూచు మార్గమేది అని ఒక్కసారియైనను అడుగుట అలవడవలెను. 1949లో వీలర్ అమర్చిన 31 ఆదేశములకును, 2023 నాటి 357 బైట్లకును నడుమ 74 సంవత్సరములు గడచినవి. ఈ మధ్యకాలమున కట్టిన మేడ ఆకాశమునంటినది. దాని అడుగురాయిని మాత్రము ఒక మనుష్యుడు కంటితో చూచి, వ్రేలితో లెక్కించి నిర్ధారింపగలిగియుండవలెనని, అంత ఎత్తునకు ఎక్కిన తరువాత కూడ శాస్త్రజ్ఞులు మరల క్రిందికి దిగివచ్చి ఆ రాయిని వేసిరి.